కుడివైపు జేబు

అద్దం తుడవడం అయిపోయింది. కొట్టు మూసేశాక దాని మీద దుమ్ము తప్ప ఏమీ పడటం లేదు. అయినా ఆయన పొద్దున్నే లేచి ఇంటి ముందుగదిలోని ఆ కటింగ్ షాపులోకి వచ్చేవాడు. షట్టరు కాస్త పైకి లేపి, ఆ వెలుతురులో అద్దం తుడిచి, కుర్చీ ఒకసారి తిప్పి చూసి, కత్తెరకు నూనె వేసేవాడు.

నూనె చుక్క కత్తెర మీద కాక బల్ల మీద పడింది. గబుక్కున వేలితో తుడిచేసి వెనక్కి చూశాడు. భార్య టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులో టీ సగమే ఉంది. అది తాగాక మిగతా సగం తెస్తుంది. ఆ సగం గ్లాసు గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానే."

"మందులు మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలీదన్నాడు షాపతను. అలాగని ముక్కలు చేసుకుని దాచుకోకండి. నేను చూస్తూనే ఉన్నా."

పార్కిన్సన్స్ అని డాక్టరు చెప్పినప్పుడు ఆ పేరు ఆయనకు నోరు తిరగలేదు. తిరిగినా ఎవరితో చెప్పుకుంటాడు? కటింగ్ చేసేవాడి కుడిచెయ్యి వణుకుతోందని తెలిస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

కత్తెరతో పని ఎలాగో నెట్టుకొచ్చాడు. వెంట్రుకలు కత్తిరించే ముందు గాలిలో ఊరికే రెండు మూడుసార్లు కత్తెర ఆడించడం ఆయనకు కుర్రతనం నుంచీ అలవాటు. ఇప్పుడు వణుకు మొత్తం ఆ చప్పుడులో కలిపేసేవాడు. వచ్చినవాళ్ళు అది హుషారనుకునేవాళ్ళు. గడ్డం దగ్గరే చిక్కంతా. చెయ్యి కదులుతున్నంతసేపూ మాట వినేది, ఆగితే వణికేది. గొంతు కింద, దవడ మలుపులో, కత్తి ఆగి తీరాలి.

అందుకే ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలని లాక్‌డౌన్ పెట్టిన రోజున వీధి వీధంతా తల పట్టుకుంటే, ఆయన షట్టరు దించి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. మాస్కు కూడా కలిసొచ్చింది. బిగుసుకుపోయిన మొహం చూసి, నవ్వడం మానేశావేమని అడిగేవాళ్ళు లేకపోయారు. జనం పోతున్నారని రేడియోలో వింటూనే, ఇంకొన్నాళ్ళు కొట్లు తెరవకుండా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకునేవాడు. పెట్టుకున్నాక ఆ చేతుల వంక చూసుకోవడానికి సిగ్గేసేది. ఇలాంటి మొర దేవుడు ఏ చెవిన వింటాడు?

"మామయ్యా."

కిటికీ అవతల ఎదురింటి టైలరు కూతురు. టైలరు ఆయనకు చుట్టమేం కాదు. కొట్లు రెండూ ఎదురెదురుగా ఉండటంతో ఎప్పుడో సరదాకి బావా అని పిలుచుకున్నారు, అదే ఉండిపోయింది.

"నాన్నకి ఆయాసం ఎక్కువైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం. గడ్డం గీయించుకోకుండా కదలనని కూర్చున్నారు. ఒక్కసారి రాగలరా?"

కుడిచెయ్యి తొడ మీద దడదడలాడింది. ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"మాస్కు ఉంటుందిగా తల్లీ. గడ్డం ఎవరు చూస్తారు?"

"అక్కడ ఆక్సిజన్ పెట్టేటప్పుడు తీసేస్తారుగా మామయ్యా. దొంగలా ఉన్నానంటున్నారు." ఆ పిల్ల నవ్వబోయింది. "ఆ జబ్బు కాదు. గుండె. పరీక్ష కూడా చేశారు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆఖరిసారి గడ్డం గీస్తున్నప్పుడు టైలరు చెవి కింద గాటు పడింది. తప్పు కత్తి మీదికి నెట్టేశాడు తను. "పోనీలే బావా, రెండో చెవి ఉందిగా" అన్నాడు టైలరు. ఈసారి గొంతు.

"ఏమో తల్లీ," అన్నాడు. "పరీక్షల్ని నమ్మే రోజులా ఇవి? నాకు భయంగా ఉంది."

పక్కింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఆ మాట చెవిన పడగానే చేతిలో దుప్పటి వదిలేసి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పిల్ల తలెత్తి ఆ తలుపు వంక చూసింది.

"పర్లేదు మామయ్యా. ఎవరి భయం వాళ్ళది."

తిట్టినా బాగుండేది.

"చెయ్యి వణుకుతోందని చెబితే ఏం పోయేది?" అంది భార్య, గొంతు తగ్గించి. "ఉన్న నలుగురిలో వాళ్ళని వెలేసినట్టయిందిగా."

ఆయన కత్తెర తీసుకుని మళ్ళీ తుడవసాగాడు.

మధ్యాహ్నం అంబులెన్సు వచ్చింది. సాయం పట్టడానికి వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పొద్దున తను అన్న మాట ఇల్లిల్లూ తిరిగి ఉంటుంది. కూతురూ డ్రైవరూ చెరో భుజం పట్టి టైలరుని నడిపించారు. ఆయన షట్టరు సందులోంచి చూస్తున్నాడు. బండి ఎక్కే ముందు టైలరు ఆగి, కొట్టు వైపు తిరిగి, చెయ్యెత్తి రెండు వేళ్ళు కత్తెరలా గాలిలో ఆడించాడు. షట్టరు వెనక మనిషి ఉన్నాడని ఎలా తెలిసిందో మరి. ఇవతల నుంచి చెయ్యెత్తబోయి ఆగిపోయాడు ఆయన. ఎత్తితే వణుకు కనబడుతుంది.

పొద్దుగూకే వేళకి భార్య వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"అన్నయ్యగారు పోయారటండీ. ఆసుపత్రి దాకా కూడా వెళ్ళలేదట."

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. కుర్చీ కూడా వణికింది.

కాసేపటికి ఆ పిల్ల తండ్రి బట్టల కోసం ఇంటికొచ్చి, వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగింది. ఆయన లేచి షట్టరు మొత్తం పైకెత్తాడు. మాస్కు లేదు. చెయ్యి దాచుకోలేదు.

"అమ్మా, పొద్దున నేను చెప్పింది అబద్ధం. నాకు జబ్బంటే భయం కాదు. ఈ చెయ్యి..."

ఆ పిల్ల ఆ చేతిని చూసింది. ఆశ్చర్యపోలేదు. చంకలోని పొట్లం తీసి ఆయన రెండు చేతుల్లోనూ పెట్టి, పట్టు చిక్కేదాకా వదలలేదు.

"మీరు పనిలో వేసుకోవడానికి కోటు. మొన్నటిదాకా నాన్న కుడుతూనే ఉన్నారు. కొట్టు తెరిచిన రోజున ఇమ్మన్నారు. కుడివైపు జేబు లోతుగా పెట్టానని చెప్పమన్నారు. ఎందుకు నాన్నా అంటే, బావకి తెలుసులే అన్నారు."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. బావని ఆఖరిసారి చూసొద్దామని వెంట వెళ్ళబోయి ఆయన గడపలోనే ఆగిపోయాడు. పొద్దున వేయలేని అడుగు ఇప్పుడు వేసి ఏం లాభం? భార్య ఆయన చేతుల్లోంచి పొట్లం తీసుకుని విప్పింది. తెల్ల కోటు, బొత్తాలన్నీ వరసగా. అద్దం పక్కన మేకుకి తగిలించి లోపలికెళ్ళింది. ఇవాళ ఆవిడ టీ తేలేదు.

తొడుక్కునే ధైర్యం ఆయనకి లేకపోయింది. కోటుకి ఎడమవైపు జేబు మామూలుగానే ఉంది. కుడిది మణికట్టు దాటి దిగేంత లోతు. లోపల చెయ్యి కదిలినా పైకి తెలియకుండా లోపల మందపాటి గుడ్డ వేసి, చుట్టూ రెండు వరసలు కుట్టు. ఆ కుట్టు అయిపోయిన చోట, జేబు అడుగున, తెంచని తెల్లదారం ఒకటి వేలాడుతూ ఉంది.