బిడ్డ ఇంటర్వ్యూ, బాపు గుసగుస

భూపాలపల్లిలో మా క్వార్టర్ల లైనుకు ఒక కట్టుబాటు ఉంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పడుకుంటే ఆ ఇంటి తలుపు గొళ్లేనికి తువ్వాల కడతారు. అది కనబడితే టీవీలు గొంతు తగ్గించుకుంటాయి, కూరగాయల బండివాడు కేకలేయకుండా పోతాడు, కొట్లాడుకునేవాళ్లు పక్క లైనుకు పోయి కొట్లాడుకుంటారు. పెళ్లయినప్పటి నుంచి నేనూ కడుతూనే ఉన్నాను, మా ఆయన వెంకట్రాం చెవి పక్కన బాంబు పేల్చినా లేవడని తెలిసి కూడా. బొగ్గుబాయిలో డ్రిల్లు పట్టి పట్టి ఆయన చెవులు అట్లా అయిపోయాయి.

ఆయనకు వినబడదు గనుక మా ఇంట్లో అందరం అరిచే మాట్లాడతాం. తన మాట తనకే వినబడక ఆయన మాకంటే గట్టిగా అరుస్తాడు. మా బిడ్డ భాగ్య కోరి కోరి ఆ చెవుల చదువే చదివింది. వినికిడి పరీక్షలు చేయడం, మాట రాని పిల్లలకు మాట నేర్పడం. డిగ్రీ అయ్యాక మహబూబాబాద్‌లో ఒక పిల్లల క్లినిక్‌లో పనిచేస్తూ, ఆడియాలజీలో పీజీకి మూడు కాలేజీలకు అప్లై చేసింది. రెండు కాదన్నాయి. మూడోది హైదరాబాద్ కాలేజీ, ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేస్తామంది. ఇదీ పోతే ఏడాది పోయినట్టే. సెలవు మీద ఇంటికొచ్చిన పిల్ల సరిగ్గా తినడం మానేసింది.

ఇంటర్వ్యూ పూట ఈయన్ని జనగామలో మా తమ్ముడింటికి పంపిద్దామని చూశాను. బిడ్డకు ఇంటర్వ్యూ అయితే తండ్రి ఊళ్లో లేకపోవడమేందని అలిగి, సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చున్నాడు. చేసేదిలేక గొళ్లేనికి తువ్వాల కట్టాను. లైనంతా చీమ చిటుక్కుమన్నా వినబడేట్టు అయిపోయింది. అదే నా తెలివితక్కువ పని. రోజూ ఉండే గోలలో ఈయన గొంతు కొంతైనా కలిసిపోయేది. ఇప్పుడు దాన్ని కప్పడానికి ఏమీ మిగల్లేదు.

భాగ్య ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. మేమిద్దరం వంటింట్లో ఉన్నాం. మొదటి ప్రశ్నలకు పిల్ల బాగానే చెప్పింది. ఇంతలో ఈయన తలుపు సందులోంచి తొంగిచూసి వచ్చి, తన లెక్కన గుసగుసగా, "కండ్లద్దాల మేడం జర కోపగొండి తీరుగున్నది. బిడ్డకు మంచినీళ్లియ్యరాదు" అన్నాడు.

ఎదురింటి బాలనర్సమ్మకే వినబడిందట, ఇక ఆ మేడంకు వినబడకుండా ఉంటుందా? నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరది అని మేడం అడిగింది. మా బాపు మేడం, ఆయనకు వినబడదు, అది గుసగుస అనుకుంటున్నాడు, అని చెప్పింది భాగ్య. మేడం నవ్వలేదు. చెవి మిషను పెట్టుకోడా అన్నది. ఏళ్లుగా బతిమాలుతున్నాను, చెవిటోడంటారని పెట్టుకోడు, అన్నది పిల్ల. అయితే ఆయన్ని పిలువు, ఆయన చెవులకు ఏమైందో మా ముందే ఆయనకు చెప్పు, ఇంగ్లీషు చదువు మాటలు ఒక్కటీ రావొద్దు, ఇదే నీ చివరి ప్రశ్న, అన్నది మేడం.

బాయి దిగేటప్పుడు కూడా ఈయన అంత బెదిరి ఉండడు. భాగ్య ఆయనకు ఎదురుగా కూర్చుని, మొహం చూపిస్తూ, అరవకుండా నిదానంగా చెప్పింది.

"బాపు, చెవి లోపట నారుమడి లెక్క సన్నటి వెంట్రుకలుంటయ్. చప్పుడుకు అవి ఊగితేనే మనకు ఇనబడ్తది. ఇన్నేండ్లు డ్రిల్లు చప్పుడు వాటిని తొక్కింది. గట్ల పడ్డ నారు మళ్ల లేవది. మిగిలిన నారుతోని ఇనిపిచ్చేటందుకే మిషను. గిండ్ల నీ తప్పేం లేదు."

"నాకు ఇనబడదని నీకెప్పటిసంది ఎరుక?"

"నేను బడిల పాట పాడిన్నాటిసంది. నువ్వు నా దిక్కు కాదు, పక్కోల్ల చేతుల దిక్కు చూసుకుంట చప్పట్లు కొట్టినవ్."

ఆయన కళ్లలో నీళ్లు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆయన కళ్లు తుడుచుకుని లాప్‌టాప్ వైపు తిరిగి, "మేడం, మా బిడ్డకు సీటియ్యున్రి, రేపే మిషను పెట్టుకుంట" అని బేరం పెట్టాడు. అప్పుడు నవ్వింది మేడం. సీటు సంగతి మేం చూసుకుంటాం, చెవుల సంగతి మీరు చూసుకోండి, రెండింటికీ ముడిపెట్టొద్దు, అన్నది.

భాగ్య మళ్లీ ఎదురుగా మొహం పెట్టి చెబితే, ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలినట్టుంది. ఫలితం రాకముందే భాగ్య వెంట పోయి మిషను పెట్టించుకొచ్చాడు. ఫ్యాను చప్పుడుకు కూడా ఉలిక్కిపడి, ఇంత లొల్లిలో మీరెట్లా బతుకుతున్నారని నన్నే తిట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక సాయంత్రం ఆయన వంటింటి గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. భాగ్య ఫోను పట్టుకుని వచ్చి నా భుజంలో మొహం దాచుకుంది. ఏదో అన్నది గానీ, నా కొంగులో కలిసిపోయి మాట సగమే బయటికి వచ్చింది. నాకు అర్థం కాలేదు. పిల్లను అట్లాగే పట్టుకుని, ఏమైందోనని భయం భయంగా ఆయన వైపు చూశాను.

"సీటొచ్చిందట" అన్నాడు ఆయన, మెల్లగా.