వరహాలమ్మ పటం మీద దండ

నేను ఒక దండను. పూలదండను కాదు, వాడిపోయే భాగ్యం నాకు లేదు. చిత్రిక పట్టి తీసిన పల్చటి చెక్కపొరల్ని చుట్టి, మధ్యమధ్య ఎర్రపూసలు గుచ్చి, చివర బంగారు రంగు కుచ్చు వేలాడదీసిన దండను. గోడ మీద ఒక పటానికి నన్ను వేశారంటే ఆ పటంలోని మనిషి ఇక లేరని అర్థం. కింద ఒక్క అక్షరం రాయక్కర్లేదు. చదువురానివాళ్లు కూడా నన్ను చదవగలరు.

అందరూ నన్ను గంధపు దండ అంటారు. నాలో గంధం ఎంత ఉందని మాత్రం అడగకండి. మైసూరు వైపు ఒక పెంకుటింటి వసారాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఊరూ పేరూ లేని ఏదో తెల్లచెక్కతో నన్ను కట్టారు. ఆనక ఒకాయన చిన్న సీసా పట్టుకొచ్చి నాలుగు చుక్కల సెంటు చల్లాడు. "అసలు సిసలైన గంధం" అని అచ్చేసిన సంచిలో పెట్టాడు. మనుషులకు వాసన చాలు, చెక్క ఏదని ఎవరూ అడగరు. ఈ లోకజ్ఞానం నాకు పుట్టిన పూటే అబ్బింది.

అక్కణ్ణుంచి రాజమండ్రి చేరాను. ఖాసిం అనే ఆయన పటాలు కట్టే కొట్లో ఒక మేకుకి వేలాడేదాన్ని. దేవుళ్లూ, పెళ్లిళ్లూ, పోయినవాళ్లూ అందరూ ఆ కొట్లో పక్కపక్కనే ఉండేవాళ్లు. అక్కడ నేనొక వింత చూశాను. ఫ్రేము దగ్గర గీచి గీచి బేరమాడిన మనిషి, దండ దగ్గరికొచ్చేసరికి నోరు మెదపడు. దుఃఖంలో ఉన్నవాడికి ధర వినిపించదు. ఖాసిం మంచివాడు కనక వాళ్లు అడక్కుండానే తగ్గించి ఇచ్చేవాడు. అందరూ ఖాసింలా ఉంటే వ్యాపారాలు సాగవు, ఆ సంగతి వేరే.

నా తోటి దండలన్నీ ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే, నా వంతుకి ఏ మొహం వస్తుందా అని నాకు ఒకటే ఆరాటంగా ఉండేది. ఒకరోజు స్నిగ్ధ అనే అమ్మాయి వచ్చింది. విశాఖపట్నం పిల్ల. మూడు దండల్ని ఫోనులో ఫొటోలు తీసి, కెమెరాలో నేనే బాగా పడుతున్నానని తేల్చింది. ఎవరు పోయారమ్మా అని ఖాసిం మెల్లగా అడిగాడు. ఎవరూ పోలేదండీ, ఒక బ్రాండు కోసం అంది ఆ అమ్మాయి. ఖాసిం నన్ను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ బ్రాండు పేరు వరహాలమ్మ చేగోడీలు. వరహాలమ్మ ముప్పై ఏళ్లపాటు రాజమండ్రిలోనే ఒక ఇరుకు సందులో చేగోడీలు వేయించి అమ్మింది. కొడుకు నూకరాజు కాస్త ముందుచూపున్న మనిషి. ఆ కొట్టు మూసేసి బస్ కాంప్లెక్సుకి ఎదురుగా అద్దాల షోరూము తెరిచాడు. పైన ఇల్లు, కింద వ్యాపారం. సందులో అయితే ఆమెను ఎరగనివాళ్లు లేరు. ఇక్కడ వచ్చేవాళ్లంతా బస్సు దిగినవాళ్లూ, బస్సు ఎక్కేవాళ్లూ. వాళ్లకి ఈ చేగోడీలూ ఒకటే, పక్క కొట్టువీ ఒకటే. అందుకే నూకరాజు ఆ అమ్మాయిని పిలిపించాడు.

స్నిగ్ధ తెలివైన పిల్ల. నన్ను బల్ల మీద పెట్టి నూకరాజుకి ఇలా చెప్పింది: "అమ్మ చేతి రుచి అని ప్రతి డబ్బా మీదా రాస్తున్నారండీ. జనం దాన్ని చదవడం మానేశారు. అదే, ఆ అమ్మ ఇప్పుడు లేదు అనిపించిందనుకోండి, ఎవరికి వాళ్లకి వాళ్లమ్మే గుర్తొస్తుంది. అప్పుడు వాళ్లు కొనేది చేగోడీలు కాదు."

నూకరాజు, అమ్మ నిక్షేపంలా ఉంటే పటానికి దండేమిటండీ అన్నాడు. పోయారని మనం ఎక్కడా రాయం కదా, "అమ్మ చేతి జ్ఞాపకం" అని మాత్రమే రాస్తాం అంది ఆ అమ్మాయి. నిజమే. రాయాల్సిన పనేముంది, నేనుండగా.

ఇక వరహాలమ్మను ఒప్పించడం ఒకటే మిగిలింది. దానికి ఒక కాకి సాయపడింది. ఆ వారమే మేడ మీద చేగోడీల్లోకి వాము ఎండబోస్తుంటే కాకి వచ్చి ఆమె తల మీద తన్నిపోయిందట. కాకి తన్నితే కీడంటారు. ఆ కీడు పోవాలంటే, తన్నించుకున్న మనిషి పోయారని ఏ దూరపు చుట్టానికో ఉత్తుత్తి కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడిస్తే, ఆ కన్నీళ్లతో కీడు కొట్టుకుపోతుంది. తరవాత అసలు సంగతి చెప్పి తిట్లు తింటే సరిపోతుంది. నూకరాజు ఈ ఆచారాన్ని అందిపుచ్చుకున్నాడు. పటానికి దండేసి ఫొటో తీస్తే చూసినవాళ్లెవరో ఒకరు అయ్యో అంటారు, చుట్టాల్ని కంగారుపెట్టే పనే ఉండదు అని తల్లికి నచ్చజెప్పాడు. ఒక్క పూటేగా, కానియ్యి అందావిడ.

నా వృత్తిలో అలాంటి రోజు మరొకటి ఉండదు. నేను పటం మీద ఉన్నాను. పటంలో ఉండాల్సినావిడ ఎదురుగా నిలబడి, దండ కుడిపక్కకి జారింది, సరిగ్గా వెయ్యండని పురమాయిస్తోంది. ఫొటో తీస్తున్నంతసేపూ ఆవిడ స్నిగ్ధ నోట్లో చేగోడీలు కుక్కుతూనే ఉంది.

ఆ ఫొటో డబ్బాల మీదికెక్కింది. నేను షోరూములో పటం మీదే ఉండిపోయాను. ఆ పిల్ల లెక్క తప్పలేదు. లోపలికొచ్చిన మనిషి నన్ను చూడగానే గొంతు తగ్గించేవాడు. కొందరు చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేవాళ్లు. బేరమన్నది లేదు. బతికున్నావిడతోనైతే ఆడేవాళ్లేమో, పోయినావిడతో ఎవరాడతారు? ఒక పెద్దమనిషి డబ్బా చేత్తో పట్టుకుని, అక్కడే నిలబడి వాళ్లమ్మకి ఫోను చేశాడు. చాన్నాళ్లకి చేశాడని అవతలి గొంతులోని ఆశ్చర్యాన్ని బట్టే తెలిసింది. నేను చెబుతున్నది పచ్చి అబద్ధం. ఆ ఫోను మాత్రం నిజం. ఈ ముడి నాకు ఇప్పటికీ విడలేదు.

చిక్కు వచ్చింది వరహాలమ్మతోనే. ఆమెకు కొట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం అలవాటు. వచ్చిన ప్రతి మనిషినీ ఏ ఊరు, ఏం పని, తిన్నావా అని ఆరా తీసేది. చేతిలో ఒక చేగోడీ పెట్టి, నోట్లో వేసుకునేదాకా వదిలేది కాదు. ఇప్పుడు జనం పటానికి దణ్ణం పెట్టుకుని ఇటు తిరిగేసరికి అదే మొహం కుర్చీలో కనబడి ఉలిక్కిపడుతున్నారు. కొన్నాళ్లు పైనే ఉండమ్మా అన్నాడు నూకరాజు. కుర్చీ కూడా తీయించేశాడు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో చెప్పలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ ఆ చెట్టునే వేరే పెరట్లోకి పంపేశారు.

పిండి తడపడం, వాయి రుచి చూడడం అన్నీ పైకి పంపేవారు. పనికి లోటు రానివ్వలేదు, లోటంతా మనుషులకే. ఆమె మెట్ల మలుపులో పీట వేసుకుని కింద వినబడే మాటలు వింటూ ఉండేది. ఆ పీట ఒక్క నాకే కనిపించేది. షోరూము కట్టేసే వేళ ఒకరోజు కొడుకుతో అంది: "కాకి ఒక్కసారే తన్నిందిరా. నువ్వు రోజూ తంతన్నావు."

నూకరాజు చెడ్డవాడు కాదు పాపం. డబ్బాలు హైదరాబాదు దాకా వెళుతున్నాయి, ఇప్పుడు దండ తీసేస్తే పరువేం కాను అన్న భయం వాడిది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం రంపచోడవరం నించి రత్నకుమారి వచ్చింది. అక్కడి ఆస్పత్రిలో పెద్ద నర్సట. ఏదో కాన్పుకి సంతోషంగా ఎవరో ఇచ్చిన డబ్బా మీద నన్ను చూసి, ఉన్నపళాన బస్సెక్కింది. ఏమీ కొనలేదు. పటం ముందు నిలబడి, ఆలస్యంగా తెలిసిందండీ అంది నూకరాజుతో. కొట్టు నిండా జనం. వాళ్ల ముందు మా అమ్మ బతికే ఉందని వాడెలా చెబుతాడు? ఆమెకు స్టూలు వేశాడు, అంతే.

ఆమె కూర్చుని ఏడ్చింది. ఏజెన్సీ పల్లె నించి నర్సు చదువుకి ఈ ఊరొచ్చిన కొత్తలో, హాస్టల్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదని చెప్పింది. చదువు మానేసి వెళ్లిపోదామని పెట్టె సర్దుకుని, తమ్ముళ్ల కోసం చేగోడీలు కొందామని ఆ సందులోకి వెళ్లిందట. పెట్టెను చూసి వరహాలమ్మ, తిన్నావా అని అడిగిందట. ఆ ఊళ్లో తనను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడేనట. తిని, పెట్టె తీసుకుని మళ్లీ హాస్టలుకే నడిచిందట. ఇదంతా పటంలోని మొహంతోనే చెబుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూనే ఇంకో డబ్బా అడిగింది. స్నిగ్ధ చూస్తే మురిసిపోయేది. నాకు మాత్రం మొదటిసారి సిగ్గేసింది. ఎన్నో మొహాలు నన్ను చూసి బరువెక్కాయి కానీ, ఈ ఏడుపు మీద నాకు హక్కు లేదు.

పరామర్శకి వచ్చినవాళ్లు వెళ్లొస్తామని చెప్పకూడదు. చావింటికి మళ్లీ వస్తామనడం మంచిది కాదు కదా. రత్నకుమారి ఆ పద్ధతి తెలిసిన మనిషి. కళ్లొత్తుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి గుమ్మం వైపు నడిచింది. మెట్ల మలుపులో పీట కిర్రుమంది.

"ఏమ్మా, అంత దూరం నించొచ్చి, చెప్పాపెట్టకుండా ఎల్లిపోతన్నావేంటి?"

వరహాలమ్మ పిండిచేతులు చీరకి తుడుచుకుంటూ దిగింది. కొడుకు వైపు చూడలేదు. రత్నకుమారి లేచిన స్టూలే పటం కిందికి లాక్కుని ఎక్కి, నన్ను తీసింది. పారేస్తుందనుకున్నాను. తన మెడలో వేసుకుంది. స్టూలు దిగి, దాని మీదే కూర్చుంది.

"నా దండేగా. నా మెళ్లోనే ఉండనియ్యి" అంది నూకరాజుతో.

మెడ అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. పటం అద్దానికి వేడి ఉండదు. ఈవిడ మాట్లాడుతుంటే నేను పైకీ కిందికీ కదులుతున్నాను. పూసల కింద ఏదో గబగబా కొట్టుకుంటోంది. పైకి మహా ధైర్యంగా కూర్చుంది గానీ, లోపల ఎంత భయపడుతోందో నాకొక్కదానికే తెలుసు.

రత్నకుమారి ఒక్క పరుగున వచ్చి ఆ పిండిచేతులు పట్టుకుని, చిన్నపిల్లలా ఏడిపించారు కదండీ అని మళ్లీ ఏడ్చింది, నవ్వింది, చివరికి కోప్పడింది. ఏ సందులో, ఏ పెట్టె అని వరహాలమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆవిడకు ఈ అమ్మాయి బొత్తిగా గుర్తులేదు. ఆ మాటే చెప్పింది కూడా. రత్నకుమారి ఏమీ నొచ్చుకోలేదు. మీరు అందర్నీ అడుగుతారు కదండీ, ఎంతమందిని గుర్తుపెట్టుకుంటారు అంది. వెళ్లేటప్పుడు మాత్రం వెళ్లొస్తానని రెండుసార్లు చెప్పి మరీ వెళ్లింది.

తరవాత జరగాల్సినవి జరిగాయి. ఒకాయన డబ్బా బల్ల మీద విసిరేసి, మమ్మల్ని వెధవల్ని చేశారని తిట్టి పోయాడు. అలా తిట్టే ఫోన్లు చాలా వచ్చాయి. అమ్మకం సగానికి సగం పడిపోయింది. మిగిలిన డబ్బాల మీద నేనున్నచోట సరిగ్గా ధర చీటీ అంటించారు. అయినా కుచ్చు కిందనించి కనబడుతూనే ఉండేది. నూకరాజు ఎవరూ చెప్పకుండానే పాత కుర్చీ తెచ్చి దాని చోట వేశాడు.

స్నిగ్ధ మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. క్షమాపణ చెప్పబోతే వరహాలమ్మ చెప్పనివ్వలేదు, ముందు తినమంది. ఆ పిల్ల ఆ పూటంతా ఫోను సంచిలో పడేసి కుర్చీ పక్కనే కూర్చుంది. వచ్చేవాళ్లనీ, వాళ్లని ఈవిడ పలకరించడాన్నీ చూస్తూ ఉంది. ఇందులో ఏ కిటుకు ఉందా అని వెతుకుతున్నట్టుంది. కొత్త డబ్బా వచ్చినప్పుడు దాని మీద పటమూ లేదు, జ్ఞాపకమూ లేదు. "వరహాలమ్మ గారు కొట్లోనే ఉన్నారు, రండి" అని ఉంది. ఆ పిల్ల రాసిన మాటల్లో నాకు నచ్చిన మాట అదొక్కటే.

వరహాలమ్మ నన్ను సరదాగా చాన్నాళ్లు వేసుకుంది. పొయ్యి దగ్గరికీ నాతోనే వెళ్లేది. నూనె ఆవిరి పట్టి, చెమట పట్టి, ఆ నాలుగు చుక్కల సెంటూ ఎగిరిపోయింది. ఇప్పుడు దారం తెగి, చిత్తుకాగితాల గోనెలో ఉన్నాను. రేపో మాపో బండివాడు వస్తాడు.

డబ్బా మీది ఆ మాట ఎల్లకాలం నిజంగా ఉండదని నాకు తెలుసు. నా కులవృత్తి అదే కదా. ఆ రోజు వచ్చినప్పుడు, గంధం వాసన వేసే దండ ఒకటి ఏ కొట్లోనో సిద్ధంగా ఉంటుంది. దానికి తన పని తెలుసు, చేస్తుంది. నన్నెవరూ ఆ పటానికి వెయ్యలేరు. నేను వాము వాసన వేస్తున్నాను.