పది అడుగుల ఖాళీ

"ఇవాళ నోట్‌లో ఎన్ని అడుగులు ఖాళీ చేయమంటున్నావు?" అని కేదార్ అడిగేసరికి హైందవి దోసె తిరగేయడం మరిచిపోయింది.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె ఉద్యోగం గురించి అతను అడిగినవి రెండే ప్రశ్నలు. సెలవు దొరుకుతుందా? సాయంత్రం ఎన్నింటికొస్తావు? రెండు రాష్ట్రాల్లో పారే నదికి ఎప్పుడు ఎంత వరద వస్తుందో అంచనా కట్టే ఆ పనికి ఇంట్లో పేరు "వాన లెక్కలు". చుట్టాలొస్తే "మా ఆవిడ జోస్యం చెబుతుంది లెండి" అని నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వి, కాఫీ గ్లాసులు ఏరుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. అలాంటివాడు పది రోజులుగా పొద్దున్నే టీ పెడుతున్నాడు. వంటగట్టుకు ఆనుకుని నిలబడి మల్లెలగట్టు డ్యామ్‌లో నీళ్లెంతున్నాయి, పైన వానలెలా ఉన్నాయి అని అడుగుతున్నాడు. "మొగుడు టీ కాచి చేతికిస్తున్నాడు, అదృష్టవంతురాలివమ్మా" అంది అత్తగారు జానకీదేవి. మొదటి రెండు రోజులూ హైందవికీ అలాగే అనిపించింది. తన పని గురించి ఒక మనిషి అడిగితే ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది. మూడో రోజు నుంచి ఆ బాగుండటమే ముల్లులా గుచ్చుకోసాగింది. కేదార్ పనిచేసేది ఆ డ్యామ్ నీళ్లతో కరెంటు తీసే కంపెనీలోనే.

"పది" అంది, మాడిన దోసెను పక్కకి తీస్తూ.

ఇంకో అయిదు రోజుల్లో పెద్ద వరద వస్తుందని ఆమె అంచనా. ఇప్పటినుంచే టర్బైన్లన్నీ తిప్పుతూ, గేట్లు కొద్దికొద్దిగా ఎత్తి పది అడుగులు ఖాళీ చేస్తే ఆ వరద డ్యామ్‌లో ఇముడుతుంది. లేకపోతే గేట్లన్నీ ఒక్కసారే ఎత్తాలి. అప్పుడు కింది రాష్ట్రంలో లంక ఊళ్లు మునుగుతాయి. కరెంటు వాళ్లదీ కొట్టిపారేసే మాట కాదు. నిండుగా ఉంటేనే నీటికి బలం, గేట్లలోంచి పోయింది పోయినట్టే. అందుకే వరదవాళ్లూ కరెంటువాళ్లూ ఒకేసారి రెండు రాష్ట్రాల కమిటీ ముందు తమ తమ నోట్‌లు పెట్టాలి, ఒకరిది ఒకరు ముందుగా చూడకూడదు.

ఆ మధ్యాహ్నం పంజాగుట్ట ఆఫీసులో, పక్క సీటు యుస్రా ఒక ఉత్తరం పట్టుకొచ్చింది.

"మేడమ్, జర గిది చూడుండ్రి. పది అడుగులు ఖాళీ చేసుడు దండగ అని కరెంటోళ్లు రాసిండ్రు. మన నోట్ ఇంక పోనే లేదు గద! ఆళ్లకెట్ల తెల్సింది?"

హైందవి జవాబు చెప్పకముందే పై అధికారి రామ్మోహనరావు పిలిచాడు. "నాలుగడుగులని రాసేయండమ్మా. ఆడవాళ్లకి భయం ఎక్కువ. మీ వారూ ఆ కంపెనీయేగా, నాలుగు మాటలు ఆయన్నడిగి తెలుసుకోండి."

మెట్రోలో ఇల్లు చేరేదాకా ఆమె తననే తిట్టుకుంది. కట్టుకున్నవాణ్ణి అనుమానించడమేమిటి? మర్నాడు పొద్దున కేదార్ అడగ్గానే, "పద్నాలుగు చేద్దామనుకుంటున్నాను" అంది.

మధ్యాహ్నానికి రెండో ఉత్తరం వచ్చింది. పద్నాలుగు అడుగుల ప్రతిపాదన అర్థం లేనిదట.

ఆ అంకె ఆమె ఏ కాగితం మీదా రాయలేదు. వంటింట్లో తప్ప ఎక్కడా అనలేదు. హైందవి బాత్రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కుంది. మోసపోయినందుకు కాదు ఏడుపు. ఈ పది రోజులూ తనని అడిగేవాడు ఒకడున్నాడని పొంగిపోయినందుకు.

విషయం విని యుస్రా గొంతు తగ్గించింది. "ఇది రాస్తే మీ ఇల్లు ఆగమైతది మేడమ్."

"రాయకపోతే ఎన్ని ఇళ్లో!"

ఆమె పది అడుగులనే రాసింది. అంకె తన ఇంట్లోంచే బయటికి పోయిందనీ, ఆ తప్పులో తన వాటా తనదేననీ కింద చేర్చింది. రెండు ఉత్తరాలూ జతచేసి, రామ్మోహనరావుతోపాటు రెండు రాష్ట్రాల సభ్యులకూ పంపింది. ఆ సాయంత్రమే కమిటీ ఒప్పుకుంది. తెల్లారేసరికి గేట్లు లేచాయి. అయిదో రోజు వరద వచ్చి డ్యామ్ అంచుదాకా నిండింది. లంకల్లో పొలంగట్లు తెగాయి గానీ, ఒక్క ఊరూ మునగలేదు.

ఎవరూ మెచ్చుకోలేదు. పై అధికారిని దాటి పంపినందుకు ఆమెకు మెమో వచ్చింది. అంకె ఎవరికి చెప్పిందో మర్నాటి విచారణలో చెప్పాలన్నారు.

"మొగుడూ పెళ్లాల మాటలు ఆఫీసులో పెడతావా?" అన్నాడు కేదార్ పళ్లు నూరుతూ. "నా పేరు రాశావా?"

"రాయలేదు. మా ఇంట్లో అని రాశాను."

జానకీదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏదో మరిచిపోయానని చెప్పు తల్లీ. వాడి ఉద్యోగం పోతుంది."

హైందవి మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"మొగుడి పేరు పలకకూడదని కాపురానికొచ్చిన కొత్తలో మీరే నేర్పారు అత్తయ్యా. రేపు పదిన్నరకి పలుకుతాను."