పందొమ్మిదో రికార్డు

మా ఆవిడ గొంతు విశ్వవిద్యాలయంలో ఉంది. ఆదివాసీ అధ్యయనాల శాఖ, రెండో అంతస్తు, ఇనుప బీరువాలో. ఆమె పోయిన ఆరు నెలలకు అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. మాట్లాడిన మనిషి పోతే దగ్గరివాళ్ళు ఒక్కో రికార్డుకూ విడిగా సంతకం పెట్టాలట. పెట్టనిది చెరిపేస్తారట.

పెట్టేద్దామనే వెళ్ళాను.

అక్కడి మాస్టారు ఆమె జాతివాడే. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమెను అత్తా అని పిలిచేవాడట, అందుకని నన్ను మామా అన్నాడు. ఆమె కూర్చునే కుర్చీ చూపించాడు. దాని మీది దిండు ఆమే కుట్టి తెచ్చిందట. మా ఇంట్లో కుర్చీలకు దిండ్లు లేవు.

వినకుండా సంతకం పెట్టనన్నాను. వినిపించాడు. ఆమె భాష నాకు రాదు. పెళ్ళయిన మూడో రోజే, ఇంట్లో ఆ మాటలు వద్దన్నాను. ముప్పై ఒక్కేళ్ళు నాతో నా భాషలోనే మాట్లాడింది, అదీ అవసరమైనంత వరకే. ఇక్కడ ఇరవై రికార్డులు నింపింది. ప్రతి గురువారం కుట్టుపనికని చెప్పి వచ్చింది ఇక్కడికే.

పద్దెనిమిదింటికి సంతకం పెట్టాను. అన్నీ దుంపలు, విత్తనాలు, వానల గురించేనట. పందొమ్మిదోదాంట్లో నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. ఆ నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"దేనికి నవ్వింది?"

"మీ గురించే మామా. పెళ్ళికొత్తలో మా ఊరొచ్చి చీమలపుట్ట మీద కూర్చున్నారటగా. ఆ చీమలే మా పెళ్ళిపెద్దలు అంది అత్త."

"నాతో ఒక్కసారీ అనలేదు."

"మీకు కోపమొస్తుందంది. ఇది మాత్రం చాలా ముఖ్యం మామా. మా చుట్టరికాల పిలుపులన్నీ దీంట్లోనే చెప్పింది. ఎవర్ని ఏమని పిలవాలో తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. సోమవారం క్లాసు దీంతోనే మొదలు."

"మళ్ళీ పెట్టు."

"అర్థం చెప్పమంటారా?"

"అక్కర్లేదు."

పెట్టాడు. ఈసారి నేను ఆమె మాట వినలేదు, అతని మొహం చూశాను. ఆమె నవ్వడానికి ముందే అతని పెదవులు కదిలాయి. ఏ మాట తర్వాత నవ్వుతుందో అతనికి తెలుసు.

ఇరవయ్యోది కూడా విని, దానికి సంతకం పెట్టి కాగితాలు అతని వైపు తోశాను. అతను ఒక్కొక్కటే తిరగేశాడు.

"మామా, పందొమ్మిది మర్చిపోయారు."

"మర్చిపోలేదు" అన్నాను.