రాజవ్వ మట్టెలు

పెత్రమాస పొద్దున, పెద్దల పేర్ల మీద ఇచ్చే బియ్యం చాటలో పోస్తున్న బాలలక్ష్మికి శ్యాంసుందర్‌రావు ఫోనులో ఒక సమాధి చూపించాడు. ఆయన పాత పతకాలు సేకరిస్తాడు. ఒక పతకం అంచున ఉన్న పేరు పట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ మీద పనిచేస్తూ చనిపోయిన ఆమె తాత సమాధిని ఇంగ్లండులో వెతికించాడు.

"అక్కడి రిజిస్టర్ల అన్నీ ఉన్నయమ్మా. మన ధర్మపురి పేరు, మీ బాపమ్మ రాజవ్వ పేరు సుత" అన్నాడు సంబరంగా.

బాలలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ దొరలకు ఊరు ఎరికె, పెండ్లాం పేరెరికె! సచ్చిండని ఒక్క కార్డుముక్క రాయనీకి చేతులు పడిపోయినయా? మా బాపమ్మ సచ్చేదాక మట్టెలు తియ్యలే. మా తాత బతికే ఉన్నడని, ఆయన పేరు మీద పెత్రమాసకు బియ్యం ఇయ్యనియ్యలే."

ఆమె చాటలో ఇంకో దోసెడు పోసి ఆగింది.

"ఎనభై ఏండ్ల ఆకలికి ఎన్ని బియ్యం పొయ్యాలె సారూ? గది రాసిన్రా ఆ రిజిస్టర్ల?"