ఫిన్లాండ్ పత్రికలో సక్రి

పత్రిక వచ్చిన రోజు వెంకటనారాయణ కాలు నేల మీద నిలవలేదు. జూలూరుపాడులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం ఆయనది. పేద దేశాల బాగోగుల మీద ఫిన్నిష్ భాషలో వచ్చే పత్రిక అది. పోయినేడు వాళ్ల విలేకరి, ఒక దొరసాని, వస్తే ములకలపల్లి దగ్గరి లంబాడీ తండాకు తీసుకెళ్లి, ఆమె మాట వాళ్లకూ వాళ్ల మాట ఆమెకూ తర్జుమా చేసి చెప్పింది ఈయనే. పాఠకులు చందాలు పంపారు, తండాకు బోరు వేయించండి అని పత్రికవాళ్లు ఇంగ్లీషులో ఉత్తరం కూడా జతచేశారు. ఇంకేం! జీపెక్కి తండాకు పోయి, జనాన్ని పోగేసి, అందరి ముందూ పత్రిక విప్పాడు. ముందు తనొకసారి తిరగేసి చూసుకోవద్దూ, పెద్దమనిషి!

పేజీ నిండా సక్రి ఫొటో. నెత్తిన కుండ, చినిగిన ఓణీ, బోసి చేతులు.

తండా అంతా ఆ బోసి చేతులనే చూసింది. మోచేతి పైన వేసే తెల్లగాజులు లంబాడీ ఆడది మొగుడు పోతేనే తీస్తుంది. సక్రి మొగుడు రూప్‌సింగ్ గుండ్రాయిలా ముందు వరుసలోనే నిలబడి ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది వెంకటనారాయణకు. దొరసాని వచ్చిన రోజు, ఫొటో అనగానే సక్రి వెండంతా పెట్టుకుని వచ్చింది.

"ఇంత సింగారించుకుంటే బోరెవరిస్తారమ్మా? అన్నీ తీసెయ్."

"గాజులొద్దు సారూ. గవి తీస్తే మా ఆయన లేనట్టు."

"ఒక్క నిమిషం! ఆ దేశమెక్కడ, మీ తండా ఎక్కడ? ఎవరు చూస్తారు?"

రూప్‌సింగ్ అప్పుడు తునికాకు కోతకు పోయి ఉన్నాడు. సక్రి చేతికి నూనె రాసుకుని గాజులు తీసింది. "మా ఆయనకు తెల్వనియ్యకు సారూ" అని బతిమాలింది. సరేనన్నాడు. దొరసాని ఈమెకు భర్త లేడా అని అడిగితే, పోయాడని కూడా చెప్పాడు. సాయంత్రానికల్లా అన్నీ మరిచిపోయాడు.

"కింద ఏం రాసిన్రు సారూ?" అన్నాడు రూప్‌సింగ్.

"నీళ్ల కష్టం గురించి..."

"నేను సచ్చిన్నని రాసిన్రా?"

గోరి అనే తండా ముసలమ్మ సక్రి వైపు చూసి తుపుక్కున ఉమ్మింది. సక్రి మాత్రం వెంకటనారాయణ మొహంలోకే చూస్తోంది. నేనే తీయించానని ఒక్క ముక్క అంటే చాలు. ఛీ, ఆ ముక్క ఆయన నోట రాలేదు. వాచీ చూసుకుని జీపెక్కాడు.

నెలకు బోరు పడింది. తండా అంతా బిందెలతో వరుస కట్టింది. ఒకరోజు వెంకటనారాయణ జీపులో పోతుంటే, వాగు దారిలో కుండ పెట్టుకుని సక్రి ఎదురైంది. భుజాల దాకా తెల్లగాజులు. సిగ్గుతో చచ్చిపోతూనే బండి ఆపించాడు.

"బోరుండగా ఇంత దూరం ఎందుకమ్మా? నీ వల్లే కదా అది వచ్చింది!"

ఆమె ఆగలేదు.

"గా బోరు ముండమోసినామెది సారూ. నాకు మొగుడున్నడు."