ఫ్రిజ్‌లో పెట్టిన రక్తం

ఆ ఇంటిపేరు కనపడితే చాలు, బ్రయనీ చూపు పక్కకు తిప్పేసుకునేది. ఆక్రాయిడ్. నెలకోసారి, చుట్టుపక్కల ఊళ్ల క్లినిక్‌ల నుంచి ల్యాబుకు వ్యాను తెచ్చే డబ్బాలో, ఒక చిన్న రక్తం ట్యూబు మీద. ఆ ముసలాయన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన కిడ్నీల సంగతి మాత్రం ఆయనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

తప్పు జరిగింది పనిలో చేరిన మొదటి ఏడాదిలో. వారానికి నాలుగు రోజులు ఆసుపత్రి ల్యాబులో పని, ఒక రోజు యూనివర్సిటీలో పాఠాలు. జీతమిచ్చి మరీ డిగ్రీ చదివిస్తున్నారని వాళ్లమ్మ వీధంతా చాటింపు వేసిన రోజులవి. ఒక మధ్యాహ్నం రక్తం పరీక్షించే మెషిన్ మొరాయించింది. అది బాగయ్యేలోపు రక్తం పాడైపోతుందేమోనని, పాలసీసాల్ని పెట్టినట్టు ట్యూబులన్నీ ఫ్రిజ్‌లో పెట్టేసింది బ్రయనీ. ఎవరినీ అడగలేదు. ఇంతమాత్రం తెలీదా అంటారని భయం. మెషిన్ బాగయ్యాక చప్పుడు చెయ్యకుండా తీసి వరసలో పెట్టింది. చలికి రక్తకణాల్లోంచి పొటాషియం బయటికొచ్చేసి లెక్క తప్పు చూపిస్తుందన్న పాఠం, ఆమెకు ఆ తర్వాతి నెలలో చెప్పారు.

ఆక్రాయిడ్ పొటాషియం లెక్క గుండె ఆగిపోయేంత ఎక్కువ చూపించింది. ల్యాబు వాళ్లు డాక్టరుకు ఫోన్ చేశారు, డాక్టరు అంబులెన్సు పంపాడు. అప్పటికి ఆయన భార్య డోరీన్ ఇంట్లోనే ఆఖరి ఘడియల్లో ఉంది. ఆయన్ని ఎలాగో ఒప్పించి తీసుకెళ్లారు. ఆసుపత్రిలో మళ్లీ రక్తం తీసి చూస్తే ఏమీ లేదు. ఆయన ఇల్లు చేరేసరికి డోరీన్ పోయింది, నర్సు చెయ్యి పట్టుకుని.

ఎందుకిలా అయిందని ల్యాబులో వెతికితే ఫ్రిజ్ సంగతి తేలింది. ఇలాంటిది జరిగితే రోగి ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాలి, అది ఆసుపత్రి పద్ధతి. ల్యాబు పెద్ద మోయిరా బ్రయనీని పక్కకు పిలిచింది.

"నిన్ను రమ్మని ఎవరూ బలవంతపెట్టరు. వస్తే మాత్రం మంచిది."

"ఆ రోజు నాకు పరీక్షుందండీ" అంది బ్రయనీ. పరీక్షా లేదు, పాడూ లేదు.

మోయిరా తిరిగొచ్చి, కోటు కూడా విప్పకుండా కూలబడింది. "తిట్టుంటే బాగుండేది. ఆ పిల్ల రాలేదా అన్నాడు, అంతే. పరీక్షుందని చెప్పాను."

క్రిస్మస్ వెళ్లాక వెళ్దాం అనుకుంది బ్రయనీ. తర్వాత, నిజం పరీక్షలయ్యాక అనుకుంది. సిగ్గు పాతబడితే తగ్గుతుందనుకుంది గానీ, అది ముదిరింది. అలా మూడేళ్లు గడిచాయి.

డిగ్రీ చేతికి రాబోతుండగా, ఆక్రాయిడ్ ట్యూబు మళ్లీ అదే లెక్క చూపించింది. రక్తం ఎప్పుడు తీశారో, ఎలా తెచ్చారో అన్నీ ఆరా తీసింది. మళ్లీ పరీక్షించింది. తేడా లేదు. ఈసారి నిజమే.

మోయిరా డాక్టరుకు చెప్పింది. కాసేపటికి డాక్టరే తిరిగి ఫోన్ చేశాడు.

"ఆక్రాయిడ్ రానంటున్నాడు. పోయినసారీ ఇలాగే అన్నారుగా, ఇంక నన్నొదిలెయ్యండి అంటున్నాడు."

ల్యాబు వాళ్లు రోగులకు ఫోన్ చెయ్యరు. మోయిరా బ్రయనీ వంక చూసింది, నంబరు నొక్కింది, రిసీవరు ఆమె చేతిలో పెట్టింది.

"ఆక్రాయిడ్ గారూ, ల్యాబు నుంచండీ. నా పేరు బ్రయనీ. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టింది నేనే."

అవతల రేడియోలో క్రికెట్ వినపడుతోంది.

"ఈసారి నిజమండీ. రెండుసార్లు చూశాను. వెళ్లండి, మీకు దండం పెడతాను."

"నువ్వా!" అన్నాడాయన చివరికి. "ఆ రోజు పరీక్ష ఎలా రాశావు తల్లీ?"

"పరీక్ష లేదండీ. భయమేసి రాలేదు."

"ఆ రోజు టీకి నీక్కూడా ఒక కప్పు తీసి పెట్టాను." ఆయన రేడియో కట్టేశాడు. "అప్పుడు నన్ను ఆసుపత్రికి వెళ్లమన్నది డోరీనే. ఇక్కడ కూర్చుని నా ప్రాణం తియ్యకు, పోయి చూపించుకో అంది. అది చెప్దామనే నీకోసం చూశాను. అంతా నీ నెత్తినే వేసుకుంటావేమోనని."

బ్రయనీ ట్యూబు మీది ఆయన పేరుకేసి చూస్తూ ఉండిపోయింది.

"సరే, ఆ బండి పంపమను. నా బూట్లెక్కడ తగలడ్డాయో."

ఆయన ఫోన్ పెట్టేశాక కూడా బ్రయనీ రిసీవరు వదల్లేదు. ఆయన ఇల్లు ఎక్కడో ఆమెకు తెలుసు. ఆ ముక్క వినడానికి, మూడేళ్ల కిందటే ఒక బస్సెక్కితే సరిపోయేది.